వెర్షన్ సంఖ్యలోకి ‘రియల్లీ’ ఎందుకొచ్చింది? డెబియన్ ప్యాకేజీల నిర్వహణ

నమస్కారం. తెర మీద కనిపిస్తున్న ఈ వరుసను ఒకసారి నిదానంగా చదవండి.

(తెర మీద: 5.6.1+రియల్లీ5.4.5-1)

ఇది 2024 మార్చి చివర్లో డెబియన్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎక్స్‌జెడ్ ప్యాకేజీకి (అంటే ఇన్‌స్టాల్ చేసుకోవడానికి సిద్ధంగా కట్టిన సాఫ్ట్‌వేర్ మూటకు) ఇచ్చిన వెర్షన్ సంఖ్య. ‘రియల్లీ’ అంటే ‘నిజానికి’; పేరుకు 5.6.1 అయినా లోపలున్నది 5.4.5 అని దీని అర్థం. ఇంత వింత సంఖ్య ఎందుకు అవసరమైందో తెలుసుకుంటే, ప్యాకేజీ మెయింటెయినర్లు చేసే పనిలో సగం అర్థమవుతుంది.

ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్. దాన్ని రాసేవారు వేరు, డెబియన్‌లో ప్యాకేజీగా అందించే మెయింటెయినర్ వేరు. అసలు సోర్సు కోడ్‌కు ఏయే ఇతర ప్యాకేజీలు కావాలో తెలిపే వివరాలను, మార్పుల చిట్టాను, అవసరమైతే తమ సొంత ప్యాచ్‌లను (కోడ్‌లో చిన్న సవరణలను) జోడించి, మెయింటెయినర్లు దాన్ని ముందుగా ‘అన్‌స్టేబుల్’ శాఖకు పంపుతారు. అక్కడ 2, 5 లేదా 10 రోజులు గడిచి, తీవ్రమైన లోపాలేవీ బయటపడకపోతే అది ‘టెస్టింగ్’కు చేరుతుంది. సంఖ్య చివర ఉన్న ‘-1’ డెబియన్ వారిది. సోర్సు మారకుండా ప్యాకేజీని మాత్రమే సవరిస్తే అది ‘-2’ అవుతుంది.

5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో పరీక్షా ఫైళ్ల మాటున దొంగదారి పెట్టారు. డెబియన్ అన్‌స్టేబుల్ వాడుతున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి సురక్షితంగా ప్రవేశించే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, కారణం తవ్వి, మార్చి 29న లోకానికి తెలిపారు. ఇందులో మింగుడుపడని సంగతి ఒకటుంది: ఎస్‌ఎస్‌హెచ్ సర్వరుకు ఎక్స్‌జెడ్‌తో నేరుగా సంబంధమే లేదు. లినక్స్‌లో సేవలను మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీ కోసం డెబియన్ వంటి పంపిణీలు చేర్చిన ప్యాచ్ వల్లే ఆ లంకె ఏర్పడింది. సదుద్దేశంతో వేసిన ప్యాచ్ కూడా కొత్త వాకిలి తెరవగలదు.

ఇప్పుడు మెయింటెయినర్ పాత 5.4.5ను తిరిగి ఇవ్వాలి. అయితే డెబియన్‌లో ప్యాకేజీలను తెచ్చిపెట్టే ఏప్ట్ చేసే అప్‌గ్రేడ్ ఎప్పుడూ పెద్ద సంఖ్యవైపే నడుస్తుంది, 5.6.1 ఉన్న యంత్రానికి 5.4.5 చూపిస్తే పట్టించుకోదు. ‘1:5.4.5’ అని ముందు ఎపాక్ (పోలికలో అన్నిటికన్నా ముందు చూసే అంకె) తగిలించవచ్చు గానీ, ఒకసారి తగిలిస్తే దాన్ని ఇక తీయలేరు. ఎస్‌ఎస్‌హెచ్‌ను అందించే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్యాకేజీ అలాంటి ‘1:’ను ఏళ్ల తరబడి మోస్తూనే ఉంది. అందుకే ‘+రియల్లీ’ని ఎంచుకున్నారు: పోలికలో ఇది 5.6.1 కంటే పెద్దది, లోపల మాత్రం పాత కోడ్.

ఇంతలో ‘స్టేబుల్’ శాఖ, అంటే అధికారికంగా విడుదలైన శాఖ, అప్పటికి డెబియన్ 12, వాడుతున్నవారికి ఏమీ కాలేదు, ఎందుకంటే అందులో ఉన్నది 5.4.1. స్టేబుల్‌లో భద్రతా లోపం దొరికితే సాధారణంగా కొత్త వెర్షన్ తేరు. దిద్దుబాటును మాత్రమే పాత కోడ్‌కు అతికించి, సంఖ్య చివర ‘+డెబ్12యు1’ వంటి గుర్తు చేరుస్తారు. కేవలం మొదటి అంకెలు చూసి “పాతది, ప్రమాదం” అని తేల్చే ఆడిట్ నివేదికలు ఈ తోకను చదవకపోవడం నాకు ఎప్పుడూ చిరాకే.

(తెర మీద: 5.8.1-1)

ఇది 2025 ఆగస్టు 9న విడుదలైన డెబియన్ 13లోని ఎక్స్‌జెడ్. అసలు సంఖ్యే 5.6.1ను దాటిపోయింది కాబట్టి, ‘రియల్లీ’ దానంతటదే రాలిపోయింది.