చెవి కంటే ముందు చేతిని అడగండి

అందరికీ నమస్కారం. కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు, వాళ్లను తీసుకొచ్చిన అమ్మానాన్నలు, బ్యాండ్లలో వాయిస్తున్న వాళ్లు, అందరూ ఒకే గదిలో ఉన్నారు. కొందరికి తెలిసిన సంగతులే మళ్లీ చెప్పాల్సి వస్తుంది. కాస్త ఓపిక పట్టండి.

ఎలక్ట్రిక్ గిటార్ కొనేటప్పుడు చేతికి ఎలా ఉంది, కంటికి ఎలా ఉంది, చెవికి ఎలా ఉంది అని చూస్తాం. షాపుకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది చెవి గురించి మాట్లాడతారు, కంటితో కొంటారు, చేతిని అడగడం మర్చిపోతారు. నేనైతే మొదటి ఓటు చేతికి, రెండోది కంటికి, చివరిది చెవికి ఇస్తాను. వాయిద్యం కొంటూ చెవిని చివర కూర్చోబెట్టడమేమిటి అనుకుంటున్నారు కదా? ఎలక్ట్రిక్ గిటార్‌లో సౌండ్‌ని కొన్న తర్వాత కూడా చాలావరకు మార్చుకోవచ్చు. చేతికి పడని నెక్‌తో, అంటే ఎడమ చెయ్యి పట్టుకునే పొడుగు భాగంతో, మాత్రం రోజూ కుస్తీ పట్టాల్సిందే.

ఈ మాట వీణకు గానీ, మామూలు అకూస్టిక్ గిటార్‌కి గానీ వర్తించదు. వాటిలో సౌండ్ పుట్టేది, పెరిగేది చెక్క బుర్రలోనే. ఎలక్ట్రిక్ గిటార్ సంగతి వేరు. స్టీలు తీగ కింద అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ ఉంటాయి. దాన్నే పికప్ అంటాం. పై తీగ కదిలితే పికప్‌లో చిన్న కరెంటు పుడుతుంది. ఆ కరెంటు కేబుల్ గుండా యాంప్‌లోకి, అంటే దాన్ని పెంచి వినిపించే స్పీకరు పెట్టెలోకి, వెళ్లి అక్కడ సౌండ్ అవుతుంది. 1930ల మొదట్లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన రికెన్‌బాకర్ గిటార్‌కి అసలు చెక్కే లేదు, అల్యూమినియంతో పోత పోశారు. ఆకారం చూసి జనం దానికి ఫ్రైయింగ్ ప్యాన్ అని పేరు పెట్టారు. ఒళ్లో పడుకోబెట్టి వాయించే రకం అది. ‘ఫలానా చెక్క కాబట్టి ఫలానా సౌండ్’ అని షాపులో ఎవరైనా గంటసేపు చెబితే ఆ ఫ్రైయింగ్ ప్యాన్‌ని గుర్తు చేసుకోండి. చెక్క ప్రభావం అస్సలు లేదని నేను అనను. పికప్ ఏమిటి, అది తీగకు ఎంత దగ్గరగా ఉంది, యాంప్ ఏమిటి అన్నవాటి ముందు అది చిన్న విషయం.

ఇక చేతి దగ్గరికి వద్దాం. నాకు చెప్పాల్సింది ఎక్కువ ఉన్నది ఇక్కడే.

లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు నడిపిన మనిషి. ఆయనకు గిటార్ వాయించడం రాదు. బహుశా అందుకేనేమో, వాయించేవాళ్లు చెప్పింది శ్రద్ధగా విన్నాడు. 1951లో టెలీకాస్టర్ అని పేరు స్థిరపడిన ఆయన గిటార్ దాదాపు ఒక చెక్క పలక. నెక్‌ని బాడీకి నాలుగు స్క్రూలతో బిగించాడు, పాడైతే విప్పేసి ఇంకోటి పెట్టుకోవచ్చని. రిపేరు చేసేవాడి బుర్ర కదా, అలాగే ఆలోచిస్తుంది. ఆ పలక అంచులు పక్కటెముకలకు గుచ్చుకుంటున్నాయని వాయించేవాళ్లు గొడవ చేశారు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌కి వెనక పొట్ట ఆనేచోట చెక్క తొలిచి, ముందు ముంజేయి ఆనేచోట వాలుగా చెక్కారు. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కువగా కాపీ కొట్టేది ఆ ఆకారాన్నే. చూడటానికి బాగుండాలని చేసిన వంపులు కావవి, ఒళ్లు నొప్పి పుట్టకుండా చేసినవి.

చేతికి తెలిసే తేడాల్లో మొదటిది తీగ పొడవు. నెక్ పైకొసన తీగలు ఆనే నట్ నుంచి, బాడీ మీద అవి ఆనే బ్రిడ్జ్ దాకా ఉండే దూరాన్ని స్కేల్ లెంగ్త్ అంటారు. ఫెండర్‌లో అది 25.5 అంగుళాలు, ఇంకో పెద్ద కంపెనీ గిబ్సన్‌లో సుమారు 24.75. ముప్పావు అంగుళమే కదా అనిపిస్తుంది. కానీ అదే తీగను అదే శ్రుతికి బిగించినప్పుడు టెన్షన్ పొడవుకు వర్గంగా పెరుగుతుంది. లెక్క వేస్తే ఫెండర్ మీద తీగ దాదాపు 6 శాతం ఎక్కువ బిగువుగా ఉంటుంది. వేలు పెట్టి పక్కకు లాగి చూడండి, లెక్క అక్కర్లేకుండానే తెలిసిపోతుంది. చిన్న చేతులున్న పిల్లలకు, తీగను బాగా లాగి వాయించేవాళ్లకు గిబ్సన్ కొలత తేలిగ్గా ఉంటుంది. గట్టిగా కొట్టి వాయించేవాళ్లకు ఫెండర్ బిగువు నచ్చుతుంది. 10 నంబరు తీగల సెట్ తీసేసి కాస్త సన్నటి 9 నంబరుది వేస్తే కొంత తేడా సర్దుకుంటుంది కూడా.

రెండోది నెక్ మీద వేళ్లు నొక్కే పలక, అంటే ఫ్రెట్లనే అడ్డ లోహపు కమ్ములు బిగించిన ఫ్రెట్‌బోర్డు వంపు. పాత ఫెండర్లలో అది ఏడుంపావు అంగుళాల వ్యాసార్థం, అంటే బాగా గుండ్రం. కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, పట్టుకోవడానికి హాయిగా ఉంటుంది. పై ఫ్రెట్ల దగ్గర తీగను బాగా లాగితే మాత్రం అది అవతలి ఫ్రెట్‌కి తగిలి స్వరం చచ్చిపోతుంది. గిబ్సన్‌లో 12 అంగుళాలు, ఇప్పటి ఫెండర్లలో ఎక్కువగా 9.5. మన పాటలు, ముఖ్యంగా గమకాలు గిటార్ మీద పలికించాలనుకునేవాళ్లు దీన్ని తప్పకుండా చూసుకోవాలి. ఒక ఫ్రెట్ మీద వేలు పెట్టి తీగను స్వరమున్నర దాకా లాగండి. సౌండ్ మధ్యలో తెగితే ఆ గిటార్ మీ పనికి రాదు.

గమకం మాట వచ్చింది కాబట్టి పాలకొల్లు గుర్తొస్తోంది. మాండొలిన్ శ్రీనివాస్ గారిది ఆ ఊరే. మామూలు మాండొలిన్‌కి జంటలుగా ఎనిమిది తీగలుంటాయి, మీటిన స్వరం క్షణంలో ఆరిపోతుంది. దాని మీద కర్ణాటక రాగం సాగదీయడం కష్టం. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నారు, జంట తీగలు వదిలేసి ఐదు ఒంటి తీగలతో వాయించారు. స్వరం నిలబడింది, గమకానికి వేలు కదలడానికి చోటు దొరికింది. చిన్నపిల్లాడిగా కచేరీలకు ఎక్కినప్పుడు ఈ వాయిద్యం ఇక్కడ పనికొస్తుందా అని సందేహించినవాళ్లు ఉన్నారు. తన సంగీతానికి ఏం కావాలో ముందు తేల్చుకుని, వాయిద్యాన్ని అటు వంచిన మనిషి ఆయన.

నెక్ మందం గురించి పెద్దగా చెప్పను. అది కొలతల కాగితం చదివితే అర్థమయ్యేది కాదు. చెప్పులు కొన్నట్టే, వేసుకుని నాలుగడుగులు నడిస్తేనే తెలుస్తుంది. పది నిమిషాలు, ఒకే వేలితో తీగలన్నీ అదిమే బార్ కార్డ్స్ పట్టండి. బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైతే ఇంకో గిటార్ తీసుకోండి. ‘అలవాటైపోతుంది సార్’ అంటారు షాపువాళ్లు. నొప్పి అలవాటు చేసుకోవడానికి కాదు కదా మనం డబ్బులిస్తున్నది.

బరువు కూడా చేతి లెక్కలోకే వస్తుంది. గిబ్సన్ వాళ్ల లెస్ పాల్ రకం గిటార్లు నాలుగు కిలోలు దాటడం మామూలే. షాపులో కూర్చుని వాయిస్తే ఆ బరువు తెలియదు, స్ట్రాప్ వేసుకుని నిలబడితేనే తెలుస్తుంది. నిలబడ్డాక ఒకసారి ఎడమ చెయ్యి వదిలేయండి. అదే కంపెనీ ఎస్‌జీ రకం గిటార్లలో బాడీ తేలిక, నెక్ పొడుగు, అందుకని చాలావాటికి తల కిందికి వాలిపోతుంది. అప్పుడు ఎడమ చెయ్యి వాయించడంతో పాటు మోయడం కూడా చెయ్యాలి. ఇంకో సంగతి, గిబ్సన్ రకం హెడ్‌స్టాక్, అంటే తీగలు బిగించే తల, వెనక్కి 17 డిగ్రీల దాకా వాలి ఉంటుంది. వెనక్కి పడితే సరిగ్గా ఆ మెడ దగ్గరే విరుగుతుంది. బస్సుల్లో, రైళ్లలో పల్చటి గుడ్డ సంచిలో గిటార్ మోసుకు తిరిగే స్టూడెంట్‌కి నేను ముందు ఫెండర్ రకమే చెబుతాను.

నెక్ తిన్నగా ఉందో లేదో హెడ్‌స్టాక్ వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి. కొద్దిగా ముందుకు వంగి ఉంటే కంగారు పడొద్దు, నెక్ లోపల ఉండే ట్రస్ రాడ్ అనే కడ్డీని తిప్పి సరిచేస్తారు. తీగలు ఎత్తుగా ఉన్నా సెటప్‌లో, అంటే టెక్నీషియన్ గిటార్‌ని సర్దేటప్పుడు, దిగుతాయి. నెక్ మెలితిరిగి ఉంటే మాత్రం అక్కడే వదిలేయండి. విశాఖ లాంటి సముద్రం ఊళ్లలో తేమకు చెక్క ఉబ్బుతుంది, తీగలు తొందరగా తుప్పు పడతాయి. మెదక్, కరీంనగర్ ఎండలకు ఫ్రెట్‌బోర్డు కుంచించుకుపోయి ఫ్రెట్ల కొసలు బయటికి పొడుచుకొస్తాయి. నెక్ అంచు మీద వేలు పెట్టి పైనుంచి కిందిదాకా రాస్తే గరగరలాడుతుంది చూడండి, అది అదే. టెక్నీషియన్ ఆకురాయితో రాసేస్తే పోతుంది.

ఇప్పుడు కన్ను. అందం గురించి మాట్లాడితే సీరియస్ వాయిద్యకారుడు కాడని మనవాళ్లలో ఒక చాదస్తం ఉంది. నాకు ఆ మొహమాటం లేదు. గోడకు వేలాడుతున్న గిటార్ చూడగానే తీసి వాయించబుద్ధి కావాలి. నచ్చని రంగు గిటార్ మంచం కిందికి పోతుంది, నచ్చింది కళ్లెదురుగా ఉంటుంది. ప్రాక్టీసు దేని మీద ఎక్కువ జరుగుతుందో మీరే చెప్పండి. కంపెనీలకూ ఇది మొదట్నించీ తెలుసు. ఫెండర్ వాడిన ఫియెస్టా రెడ్, లేక్ ప్లాసిడ్ బ్లూ లాంటివన్నీ డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం తయారుచేసిన పెయింట్లు. రోడ్డు మీద మెరిసే కారు రంగే కుర్రాడి భుజానికి తగిలించారు.

అందం చేతికి అడ్డొచ్చే చోటు కూడా ఉంది. గిబ్సన్ 1958లో బాణం మొనలాంటి ఫ్లయింగ్ వీ తెచ్చింది. అప్పట్లో వంద కూడా పోలేదు. తర్వాత రాక్, మెటల్ వాయించేవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు, ఇప్పుడు ఆ మొదటి గిటార్లకు కళ్లు తిరిగే రేటు. స్టేజీ మీద అదిరిపోతుంది. కానీ కుర్చీలో కూర్చుని మామూలుగా తొడ మీద పెడితే జారిపోతుంది. నేర్చుకునే రోజుల్లో మనం కూర్చునే వాయిస్తాం. మెటల్ పిచ్చి ఉన్న పిల్లల్ని నిరుత్సాహపరచడం నా ఉద్దేశం కాదు, రెండో గిటార్‌గా కొనుక్కోండి.

చివరిది చెవి. దీన్ని పికప్‌లతో మొదలుపెడదాం. ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్ సౌండ్ గాజులా స్వచ్ఛంగా ఉంటుంది, కానీ చుట్టూ ఉన్న కరెంటు గోలనంతా పట్టుకుంటుంది. గిబ్సన్‌లో సెత్ లవర్ అనే ఇంజినీరు 1955లో రెండు చుట్టల్ని ఎదురుబొదురుగా కలిపి ఆ గోల ఒకదాన్నొకటి చంపుకునేలా చేశాడు. హమ్, అంటే ఆ గోల, తీసేసేది కాబట్టి హంబకర్. సౌండ్ కూడా బొద్దుగా, బరువుగా మారింది, సౌండ్‌ని కావాలనే గరుకుగా చేసే డిస్టార్షన్‌కి బాగా కుదిరింది. మన ఇళ్లలో ఈ తేడా పుస్తకాల్లో రాసినదానికంటే పెద్దది. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ రెండో నంబరు మీద పెట్టి సింగిల్ కాయిల్ గిటార్ వాయించండి, పాట కంటే బుయ్ మన్న మోత ఎక్కువ వినిపిస్తుంది. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో మరీనూ. షాపులో లేని మోత ఇంటికొచ్చాక వస్తే గిటార్‌ని తిట్టొద్దు, ముందు ఫ్యాన్ ఆపి చూడండి. ఏది కావాలో తేల్చుకోలేనివాళ్లకు బ్రిడ్జ్ దగ్గర హంబకర్, మిగతా రెండు చోట్ల సింగిల్ కాయిల్ ఉన్న గిటార్లు సుఖం. యమహా పసిఫికా 112 ఆ రకమే.

వినేటప్పుడు మొదట యాంప్ ఆపేసి ఒట్టి గిటార్‌ని వినండి. ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్ నొక్కి చూడండి. ఎక్కడైనా స్వరం చటుక్కున ఆరిపోతుందా, జర్రుమంటుందా తెలుస్తుంది. తర్వాత యాంప్ పెట్టి, డిస్టార్షన్, ప్రతిధ్వనిలాంటి రివర్బ్ రెండూ తీసేయమనండి. ఎఫెక్టులన్నీ పెట్టి వాయించి చూపిస్తే ఏ గిటారైనా గొప్పగానే ఉంటుంది. యూట్యూబ్ డెమోలదీ అదే కథ. అక్కడ మీరు వింటున్నది ఆ వాయించేవాడి వేళ్లు, ఖరీదైన యాంప్, మైకు, ఎడిటింగు. గిటార్ వాటా అందులో ఎంతో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. పెట్టెలోంచి తీసిన గిటార్ సౌండ్ నచ్చకపోతే స్క్రూడ్రైవర్‌తో పికప్‌ని కొంచెం దించి చూడండి. పైసా ఖర్చు లేదు. అదీ చాలకపోతే తర్వాత పికప్ మార్చుకోవచ్చు. స్ట్రాటోకాస్టర్‌కి మొదట పికప్‌లు మార్చడానికి మూడు స్థానాల స్విచ్చే ఉండేది. వాయించేవాళ్లు దాన్ని రెండు స్థానాల మధ్య ఇరికించి కొత్త సౌండ్ పట్టారు. ఫెండర్ ఐదు స్థానాల స్విచ్ పెట్టింది 1977లో, అంటే ఇరవై ఏళ్లు దాటాక.

బడ్జెట్ గురించి అమ్మానాన్నలకు ఒక మాట. ఉన్న డబ్బంతా గిటార్ మీదే పెట్టేసి, మిగిలిన చిల్లరతో యాంప్ కొనకండి. మామూలు గిటార్, మంచి యాంప్ కలిస్తే బాగుంటుంది. అది తిరగేస్తే బాగుండదు. షాపులో అడగకుండా సెటప్ చేసివ్వరు కాబట్టి ఆ ఖర్చు కూడా మొదటే లెక్కలో వేసుకోండి. అమెరికాలో ఉన్న బాబాయో అక్కో తెస్తానంటే గిటార్ తెప్పించుకోండి, యాంప్ మాత్రం వద్దు. అక్కడి యాంప్ 120 వోల్టులకు చేసింది. వెనక 230 అని రాసి లేకపోతే, మన ప్లగ్గులో పెట్టిన మరుక్షణం పాడైపోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ కొని వాడేవాళ్లు ఉన్నారు కానీ, ఆ బరువు మోసేబదులు ఇక్కడే కొనుక్కోవడం నయం.

ఆ చివర స్టాండ్ల మీద రెండు గిటార్లు పెట్టాను. ఒకటి పొడుగు స్కేల్, ఇంకోటి పొట్టి స్కేల్. రెండింటికీ ఒకే నంబరు తీగలు వేశాను. యాంప్ ఆఫ్ చేసే ఉంటుంది, కావాలనే. ఒక్కొక్కరే వచ్చి మూడో తీగను లాగి చూడండి. అమ్మానాన్నలు కూడా రావచ్చు, వాయించడం రానక్కర్లేదు. ఈలోగా ప్రశ్నలు తీసుకుందాం.