వేళ్ల స్పీడు కాదు, చూపు ఎక్కడుందో చెప్పండి

[తెర మీద: 1942 ఆట, మొదటి స్టేజ్. విమానం పేలిన చోట ఆపిన బొమ్మ]

ఈ పేలుడు మా బామ్మర్ది పుణ్యం. పోయిన ఆదివారం ఇంటికొచ్చి 1942 అనే ఈ పాత వీడియో గేమ్ పెట్టించుకున్నాడు, బుల్లెట్లు తప్పించుకుంటూ శత్రు విమానాల్ని కూల్చే ఆట. రెండు నిమిషాలు తిరక్కుండానే లైఫులన్నీ అయిపోయాయి. "చిన్నప్పట్నుంచీ ఆడావు కదా బావా, నీ వేళ్లకి ఆ స్పీడుంది. నాకెక్కడిది?" అన్నాడు.

ఒరేయ్, నాకు నలభై నాలుగేళ్లు. పొద్దున లేస్తే మెడ పట్టేసి ఉంటుంది. నా వేళ్లకి స్పీడేంటిరా?

ఈ మాట నేను ముప్పై ఏళ్లుగా వింటున్నాను. విజయవాడ సత్యనారాయణపురంలో మా వీధి చివర వీడియో గేమ్ షాపులో, మన వెనక నిలబడి చూసేవాళ్లంతా ఇదే అనేవాళ్లు. అక్కడ బాగా ఆడే కుర్రాడొకడు ఉండేవాడు. వాడి చెయ్యి అసలు కదిలేదే కాదు. మిగతావాళ్లం జాయ్‌స్టిక్ ఊడొచ్చేలా ఊపేవాళ్లం. అయినా ఎవరికీ అనుమానం రాలేదు!

సరే. దసరా ముందు ఆదివారం సాయంత్రం బీసెంట్ రోడ్డు ఊహించుకోండి. మీరు ఏలూరు రోడ్డు వైపు నుంచి దిగి బందరు రోడ్డు వైపు నడవాలి. జనమంతా మీకు ఎదురే. అప్పుడు మీ కళ్లు ఎక్కడుంటాయి? చెప్పుల మీదా? కాదుగా. పది పదిహేను అడుగుల ముందుంటాయి. కాళ్ల సంగతి కాళ్లే చూసుకుంటాయి.

మా బామ్మర్ది ఆటలో చెప్పులు చూసుకుంటూ నడుస్తున్నాడు. అంటే కళ్లు తన విమానం మీదే. బుల్లెట్ పక్కకొచ్చాక కనపడుతుంది, అప్పుడు ఉలిక్కిపడి గెంతుతాడు, ఆ గెంతులో ఇంకోదానికి తగులుతాడు. చూపు స్క్రీన్ మధ్యకు, విమానానికి కాస్త పైకి జరపండి. విమానం కంటి చివర్లో కనపడితే చాలు. మొదటి పది నిమిషాలు చిరాగ్గా ఉంటుంది. తర్వాత బుల్లెట్లు నెమ్మదించినట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ పాత ఆటల్లో శత్రువు వదిలే బుల్లెట్ చాలాసార్లు మిమ్మల్ని చూసే వస్తుంది. కానీ ఎప్పుడు చూస్తుంది? వదిలే క్షణంలో. ఆ క్షణంలో మీరు ఎక్కడుంటే అటు లెక్కేసుకుని బయల్దేరుతుంది. బయల్దేరాక మలుపు లేదు.

బీసెంట్ రోడ్డులో నెత్తిన మూటతో "తప్పుకోండి, తప్పుకోండి" అంటూ వచ్చే హమాలీ లాంటిది. బరువు మీద ఉన్నాడు, పక్కకి తిరగలేడు. మీరు ఒక్క అడుగు పక్కకి వేస్తే దాటిపోతాడు. ఆ ఒక్క అడుగు కోసం అవతలి ఫుట్‌పాత్ దాకా పరిగెత్తక్కర్లేదు.

పరిగెత్తితే ఏమవుతుందో చూడండి. పదిమంది హమాలీలు మీ మీదకే వస్తున్నారనుకుందాం (పాపం వాళ్లు మన మీదకి రావాలని రారు, ఉదాహరణ కోసం). మీరు ఎడమకు గెంతారు, ఒకడు అటు బయల్దేరాడు. కుడికి గెంతారు, ఇంకొకడు ఇటు. నాలుగు గెంతులకి రోడ్డంతా మూటలే. నిలబడే చోటు లేకుండా చేసుకున్నది మీరే.

[తెర మీద: విమానం ఒకే వైపు మెల్లగా జరుగుతుంది, బుల్లెట్లు దాని వెనకే వరసగా పోతాయి]

బాగా ఆడేవాడు ఇలా చేస్తాడు. టక్... టక్... టక్. ఒకే దిక్కుకి, చిన్న చిన్న జరుగుళ్లు. బుల్లెట్లన్నీ ఒకే తోకలాగా వెనక పడతాయి, మిగతా స్క్రీన్ ఖాళీ. మరి అంచుకి చేరాక? అక్కడే అందరూ ఇరుక్కుంటారు, షాపు మెట్లకి ఆనుకుపోయినట్టు. అందుకే అంచు రాకముందే ఒక్కసారి గబుక్కున ఇవతలికి రావాలి. గురి మారేలోపు తోకలో సందు పడుతుంది. ఆ సందులోంచి దూరి, వెనక్కి మళ్లీ టక్ టక్. మొత్తం ఆటలో వేళ్ల స్పీడు కావాల్సింది ఇక్కడొక్కచోటే. అది కూడా సెల్‌లో మెసేజ్ కొట్టేంత స్పీడు.

రోడ్డు మీద మన చేతి సంచికి ఎవరైనా తగిలితే పట్టించుకోం కదా? 1995లో వచ్చిన డోన్‌పాచి లాంటి ఆటలు కూడా అంతే. విమానం పెద్దగా గీస్తారు, తగిలితే చచ్చే చోటు మాత్రం మధ్యలో కొంచెమే. రెక్కలు మన సంచులన్నమాట. 1942 లాంటి పాత ఆటల నుంచి మాత్రం ఇంత దయ ఆశించకండి.

ఇంకో విషయం, కాల్చడం. దీనికి బీసెంట్ రోడ్డులో ఉదాహరణ చెప్తే పోలీసులొస్తారు, కాబట్టి నేరుగా చెప్తాను. 1981 నాటి గ్యాలగాలో మీ బుల్లెట్లు ఒకసారికి స్క్రీన్ మీద రెండే ఉండగలవు. అవి తగలాలి, లేదా పైనుంచి బయటికి పోవాలి. అప్పటిదాకా బటన్ ఎంత కొట్టినా పలకదు. దూరం నుంచి కాల్చి గురి తప్పితే అంతసేపూ ఖాళీ చేతులే. దగ్గరికెళ్లి కాలిస్తే వెంటనే తగులుతుంది, వెంటనే ఇంకోటి. చూసేవాడికి అది వేళ్ల స్పీడులా కనిపిస్తుంది!

జ్ఞాపకం గురించి కూడా చెప్పాలి. 1982లో కరోల్ షా తయారుచేసిన రివర్ రెయిడ్ ఆట నాకు ప్రాణం, నది మీద విమానం నడపాలి. అందులో నది మ్యాపు ఎక్కడా దాచిపెట్టి ఉండదు. మెమరీలో చోటు లేక ఆవిడ ఒక అంకెల లెక్కతో నదిని అప్పటికప్పుడు పుట్టించింది. కానీ ఆ లెక్క ప్రతిసారీ ఒకేచోట మొదలవుతుంది, అందుకే ఎన్నిసార్లు ఆడినా అదే నది, అవే వంతెనలు. చాలా ఆటల్లో శత్రువుల వరస కూడా ఇలాగే మారదు. పదోసారికి ఎవడు ఎటునుంచి వస్తాడో తెలిసిపోతుంది. 1942 ఆటలో స్క్రీన్ అడుగున దాక్కుంటే క్షేమమని మనవాళ్ల నమ్మకం. అందులో పెద్ద విమానాలు కింద నుంచి కూడా వస్తాయి. మా బామ్మర్ది రెండో లైఫ్ అలాగే పోయింది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. 1942లో ఎర్ర విమానాల గుంపు వస్తే ఒక్కటీ వదలకండి, మొత్తం కూలిస్తేనే పవర్ వస్తుంది. పల్టీ బటన్ ఉంది, పల్టీ కొట్టినంతసేపూ ఏదీ తగలదు. 1990 నాటి రైడెన్‌లో ఎర్ర ఆయుధం వెడల్పుగా కాలుస్తుంది, నీలం ఆయుధం సన్నగా, గట్టిగా. రెండింట్లో ఒకటి పట్టుకుని దాన్నే పెంచుకోండి. బాంబులు దాచుకోకండి. బీరువాలో పట్టుచీరల్లా దాచి, అవి అలా ఉండగానే చచ్చిపోతారు.

ఇంతా విని నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. 1942 పెట్టి, మొదటి స్టేజ్‌లో కాల్చే బటన్ ముట్టుకోకుండా బతకండి. స్టేజ్ చివర ఎంత శాతం కూల్చారో చూపిస్తుంది. మీది సున్నా రావాలి. వచ్చినవాళ్లు కామెంట్లో పెట్టండి, మా బామ్మర్దికి చూపిస్తా.