పెద్దకర్మ నాడు ఏం మాట్లాడాలి

(విజయనగరంలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సాయంత్రం వాన పడుతుందన్నారు, అయినా ఇంతమంది వచ్చారు. కరెంటు పోయినా ఫరవాలేదు. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన గొంతు ఇది, మైకు లేకపోయినా వెనక బెంచీ దాకా వినిపిస్తుంది.

వివాదాలు మూటగట్టుకున్న పెద్దమనిషి పోతే అతనికి గౌరవం ఇవ్వాలా, అక్కర్లేదా? ఇదీ ఈ రోజు విషయం. కార్యదర్శిగారు ఫోన్ చేసి ఈ మాట చెప్పగానే నాకు ముందుగా గుర్తొచ్చింది నేను చేసిన తప్పు. అక్కణ్ణించే మొదలుపెడతాను.

చీపురుపల్లి వైపు ఒక ఊళ్ళో కొన్నాళ్ళు పనిచేశాను. ఆ ఊరి పెద్ద ఒకాయన కాలం చేశారు. పేరుతో పనిలేదు. బడికి రెండు గదులు కట్టించింది ఆయనే. అప్పు కింద పేదవాళ్ళ దగ్గర భూమి కాగితాలు తీసుకుని, అప్పు తీరినా తిరిగి ఇవ్వనిదీ ఆయనే. రెండు సంగతులూ ఊరందరికీ తెలుసు. పెద్దకర్మ నాడు షామియానా వేశారు, మైకు పెట్టారు, మాస్టారూ నాలుగు మాటలు చెప్పండి అన్నారు. నేను నాలుగుతో ఆగలేదు. 'అజాతశత్రువు' అన్నాను. 'అడిగినవాడికి లేదనని చెయ్యి' అన్నాను. పెద్దకర్మ అని కూడా చూడకుండా చప్పట్లు కొట్టారు.

భోజనాల దగ్గర, విస్తట్లో గుమ్మడికాయ దప్పళం పడిందో లేదో, ఎదురు బంతిలోంచి ఒక ముసలమ్మ నా వైపు చూసింది. కోపంగా ఏమీ కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టే అడిగింది. "మాస్టారు బాబూ, ఆ బాబుకి శత్రువులే నేరన్నావు. మరి మా ఎకరం చెక్క ఎవులు అట్టుకెల్లిపోనారు?"

ఆ దప్పళం నాకు గొంతు దిగలేదు. తర్వాత తెలిసింది ఏమిటంటే, ఆయన పోయిన రోజున అందరికంటే ముందు వెళ్ళిన వాళ్ళలో ఆమె ఒకతె. వీధి అరుగు మీద పడుకోబెట్టిన మనిషి కాళ్ళకి దండం పెట్టింది, కాసేపు ఏడ్చింది కూడా. ఎవరూ రమ్మనలేదు. భూమి చెక్క పోయిందన్న సంగతి ఆ రోజు ఎత్తలేదు, కానీ మర్చిపోలేదు. నేను అబద్ధం ఆడితే మటుకు ఊరుకోలేదు.

ఈ విషయం మీద నాకు తెలిసినదంతా ఆమె చేసిన ఆ రెండు పనుల్లోనే ఉంది. మిగతాదంతా దానికి వ్యాఖ్యానం.

చచ్చినవాడి కళ్ళు చారెడు అని మనకో సామెత. పోయినవాడి గొప్పలు పెంచి చెప్పే అలవాటు మీద మన ముసలివాళ్ళు వేసిన చురక అది. 'కీర్తిశేషులు' అనే మాట చూడండి. కీర్తి మాత్రమే మిగిలినవారని అర్థం. పోయినవాళ్ళ పేరు ముందు, చూసుకోకుండా, అందరికీ తగిలించేస్తాం. అపకీర్తి మిగిల్చి పోయినవాడికి మన దగ్గర మాటే లేదు. కార్డు మీద అచ్చు వేయించుకునే మాట కాదు గనక ఎవరూ పుట్టించలేదు.

మొన్న గంటస్తంభం దగ్గర ఒక ఫ్లెక్సీ చూశాను. పోయినాయన ఫొటో మధ్యలో చిన్నగా ఉంది. చుట్టూ శ్రద్ధాంజలి ఘటిస్తున్నవాళ్ళ ఫొటోలు, లెక్కపెడితే పదిహేను, ఒక్కొక్కటీ ఆయన కంటే పెద్దది. సగం మంది నల్ల కళ్ళజోళ్ళతో ఉన్నారు. ఇది ఎవరికి గౌరవమో మీరే చెప్పండి.

మైకు ముందు మనం ఇలా తయారయ్యాం గానీ, మైకు లేనిచోట మన జనం ఎప్పుడూ ఇంత అబద్ధం ఆడలేదు. పల్లెల్లో శవం దగ్గర ఆడవాళ్ళు శోకాలు పెట్టి ఏడవడం మీలో చాలామంది వినే ఉంటారు. జాగ్రత్తగా వింటే అందులో పొగడ్త ఎంత ఉంటుందో నిష్ఠూరమూ అంతే ఉంటుంది. 'తాగొద్దంటే వింటివా', 'అన్నదమ్ముల్ని దూరం చేసుకుంటివి', 'పిల్లల్ని ఎవరికి అప్పజెప్పి పోతివి' అని రాగం తీసి మరీ దెప్పుతారు. శవాన్ని అవమానించారని అక్కడ ఎవరూ అనరు. అది ఏడుపులో భాగం.

రామాయణంలో మండోదరి చేసిందీ అదే. రావణుడి మీద పడి ఏడుస్తూ, నువ్వు పూర్వం ఇంద్రియాలను జయించి మూడు లోకాలనూ గెలిచావు, ఆ పగ గుర్తుపెట్టుకున్నట్టుగా ఆ ఇంద్రియాలే నిన్ను ఓడించాయి, అంటుంది. ప్రేమించిన భార్య, కట్టుకున్నవాడి శవం పక్కన, యుద్ధభూమిలో అన్న మాట ఇది. తర్వాత దహన సంస్కారానికి విభీషణుడు వెనకాడతాడు. అప్పుడు రాముడు 'మరణాంతాని వైరాణి' అంటాడు, పగలన్నీ చావుతో సరి అని. ఈ ముక్క ప్రతి సంతాప సభలోనూ ఎవరో ఒకరు చదువుతారు. నేనూ ఆ రోజు చదివాను. కానీ పక్కనే రాముడు ఇంకో మాట కూడా అన్నాడు: ఇతను అధర్మపరుడూ అసత్యవాదీ అయితే కావచ్చు, కానీ తేజస్వి, బలవంతుడు, యుద్ధంలో శూరుడు. ఒకే శ్వాసలో రెండూ. సంస్కారం చెయ్యమన్నాడు గానీ, రావణుడు సీతను ఎత్తుకుపోలేదని చెప్పమనలేదు. మనం మొదటి ముక్క పట్టుకుని రెండోది వదిలేశాం, సభకి అదే సుఖం కాబట్టి.

ఇక మన ఊరి సంగతికి వస్తాను. ఇది కొంచెం సున్నితం, విజయనగరంలో నిలబడి మాట్లాడుతున్నాను కదా.

1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు పేలాయి. ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళింది మన పూసపాటి పెద విజయరామరాజు. కోట నిలవదని తేలిపోయాక లోపల ఆడవాళ్ళనీ పిల్లలనీ సొంతవాళ్ళే చంపుకున్నారు, శత్రువు చేతికి చిక్కకూడదని. ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారంలో చొరబడి విజయరామరాజుని చంపాడు, తానూ అక్కడే పోయాడు. బొబ్బిలి కథ చెప్పే బుర్రకథ దళం ఈ ఘట్టానికి వచ్చేసరికి జనం ఊగిపోతారు. ఆ కథలో మన రాజు చావు పండగ. ఇక్కణ్ణుంచి బస్సెక్కితే రెండు గంటలు పట్టని ఊళ్ళో!

ఇప్పుడు ఇటు తిరగండి. ఆయన చెల్లెలే పైడితల్లి అని మన జనం చెప్పుకుంటారు. అన్న పోయాడన్న కబురు విని పెద్దచెరువులో కలిసిపోయిందని, తర్వాత అమ్మవారై వెలసిందని కథ. ఏటా దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను, అంటే కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, గుడి దగ్గర్నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆ రోజు ఊరి నిండా జనం. బొబ్బిలి వైపు నుంచి కూడా వస్తారు, వచ్చి అరటిపళ్ళు విసిరి దండం పెట్టుకుంటారు. వాళ్ళు విజయరామరాజు చేసింది మంచి పనని ఒప్పుకున్నట్టా? కాదు. చెల్లెలి దుఃఖానికి దండం పెడుతున్నారు. రెండు వందల అరవై ఏళ్ళు దాటినా రెండు కథలూ నిలిచే ఉన్నాయి. బుర్రకథ బుర్రకథే, సిరిమాను సిరిమానే. ఏ కమిటీ కూర్చుని తీర్మానించని సర్దుబాటు ఇది. చాలా పెద్ద దేశాలకు కూడా చేతకాలేదు.

ఇంగ్లండు సంగతే తీసుకోండి. రాజు తల తీయించిన క్రాంవెల్ 1658లో పోతే ఘనంగా అంత్యక్రియలు చేశారు. రాచరికం తిరిగొచ్చాక 1661లో ఆ శవాన్ని తవ్వితీసి, ఉరికొయ్యకు వేలాడదీసి, తల నరికి పార్లమెంటు హాలు మీద గుచ్చారు. ఏళ్ళ తరబడి అక్కడే ఉంది. ఏం సాధించారు? 1899లో అదే పార్లమెంటు ముందు ఆయనకి విగ్రహం పెట్టారు. శవం మీద తీర్చుకున్న కసి చరిత్రలో ఒక్క అక్షరం మార్చలేదు.

అక్కడే 2013 ఏప్రిల్ 8న మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ పోయినప్పుడు కొన్ని ఊళ్ళలో వీధుల్లోకొచ్చి కేరింతలు కొట్టారు. ఆమె పాలనలో మూతపడ్డ బొగ్గు గనుల ఊళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఆ గంతులు నాకు నచ్చలేదు. రెండు రోజులకి పార్లమెంటులో సంతాప సభ జరిగింది. అందరూ పొగుడుతుంటే గ్లెండా జాక్సన్ అనే సభ్యురాలు లేచి, థాచర్ పాలన వల్ల తన నియోజకవర్గంలో జనం ఏం పడ్డారో చెప్పింది. కొందరు అరిచారు. స్పీకర్ మాత్రం, ఆమె సభా నియమాలేవీ దాటలేదన్నాడు. నాకు ఆమె మన శోకాలు పెట్టే ముసలమ్మల తాలూకు మనిషి అనిపించింది.

మన చట్టం కూడా దాదాపు ఇదే గీత గీసింది. భారతీయ న్యాయ సంహితలో 301వ సెక్షన్ ప్రకారం, మనసులు నొప్పించాలని శవాన్ని అవమానించినా, అంత్యక్రియల దగ్గర అల్లరి చేసినా ఏడాది దాకా జైలు. 356వ సెక్షన్ ప్రకారం పోయినవాడి మీద వేసిన నింద కూడా పరువునష్టం కావచ్చు, అది కుటుంబాన్ని నొప్పించాలనే ఉద్దేశంతో వేసినదైతే. కానీ జనం మేలు కోసం చెప్పిన నిజానికి మినహాయింపు ఉంది.

పోయినవాడు జవాబు చెప్పుకోలేడు కదా మాస్టారూ, అంటారు. న్యాయమైన మాటే. అందుకే బతికుండగా ఎవరూ అనని కొత్త నింద, ఆధారం లేకుండా, శవం మీద వెయ్యకూడదంటాను. మరి ఆయన బతికుండగా ఆ ముసలమ్మ జవాబు చెప్పుకోగలిగిందా? ఆమె నోరు అప్పుడూ లేవలేదు. ఇప్పుడూ లేవకూడదంటే ఇంకెప్పుడు లేస్తుంది? పదిరోజుల మైల పాటించండి, ఆ ఇంటి గుమ్మంలో నిలబడి పాత లెక్కలు తియ్యకండి. వాట్సాప్‌లో నవ్వు బొమ్మలు పెట్టకండి, ఆ ఫోన్ వాళ్ళ అమ్మాయి చేతిలోనూ ఉంటుంది. అయితే అవతల మైకు పెట్టి దేవుణ్ణి చేస్తుంటే ఇవతలివాళ్ళు పదిరోజులూ నోరు కట్టుకోవాలన్న రూలు నేనొప్పుకోను.

పార్వతీపురం మన్యం వైపు వెళితే ఇది ఇంకా బరువెక్కుతుంది. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే గిరిజనులు కాల్పుల్లో పోయారు. ఆ తర్వాతి శ్రీకాకుళం నక్సలైటు పోరాటంలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 1970 జులైలో పోలీసుల చేతిలో పోయారు. ఇద్దరూ పంతుళ్ళే, నాలాగే. ఆ కొండల్లో 'సత్యం మాస్టారు' అంటే ఇప్పటికీ గొంతు మెత్తబడే ముసలివాళ్ళున్నారు. ఆ దళాల చేతుల్లో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళూ ఉన్నాయి, అక్కడ ఆ పేరు ఎత్తితే సంభాషణ ఆగిపోతుంది. రెండు రకాల ఇళ్ళలోనూ నేను టీ తాగాను. ఏ ఇంట్లోనూ రెండో ఇంటి మాట చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు.

చివరిగా ఒక్క సంగతి చెప్పి కూర్చుంటాను. నేను అజాతశత్రువన్న ఆ పెద్దమనిషికి ఇప్పుడు విగ్రహం పెడుతున్నారు. బడి గేటు పక్కనే. కొడుకు నాకు ఫోన్ చేశాడు, మంచివాడు, నా దగ్గరే చదువుకున్నాడు. "మాస్టారూ, కింద రాతిమీద చెక్కడానికి నాలుగు వాక్యాలు రాసిపెట్టండి. నాన్నగారి గురించి ఆ రోజు మీరు మాట్లాడినట్టు ఇంకెవరూ మాట్లాడలేదు," అన్నాడు. సరే బాబూ, రాస్తాను, బడి గదుల గురించి రెండు వాక్యాలు రాస్తాను, ముందు ఆ ఎకరం చెక్క కాగితాలు ఆవిడకి ఇచ్చెయ్యి, అప్పుడు మూడో వాక్యం కూడా నాకు హాయిగా వస్తుంది, అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. "అమ్మతో మాట్లాడి చెప్తాను మాస్టారూ," అన్నాడు.

అది సంక్రాంతి ముందు మాట. ఇంకా ఫోన్ రాలేదు. రాతి దిమ్మె కట్టేశారట, పైన గుడ్డ కప్పి ఉంచారట. నమస్కారం.