నీతిమంతుల లెక్క, కూలోళ్ల లెక్క

(మహబూబ్‌నగర్‌లో సంఘ పెద్దల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అయ్యగార్లకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అక్కలకు వందనాలు. పేర్లన్నీ చదువుకుంటూ పోతే ఇచ్చిన టైము అందులోనే అయిపోతది, మన్నించండి.

విశ్వాసమూలమున నీతిమంతులుగా తీర్చబడుట గురించి, అంటే నమ్మకాన్ని చూసి దేవుడు మనిషిని నీతిమంతుడని ఎంచుడు గురించి చెప్పుమన్నరు. మొదలు వరుస చూడండి. ఆదికాండము 15:6లో అబ్రాహాము నమ్మిండు, దేవుడు అది అతనికి నీతిగా ఎంచిండు. సున్నతి 17వ అధ్యాయంలో, అప్పటికి ఆయనకు 99 ఏండ్లు. నడుమ ఇష్మాయేలు పుట్టిననాడు 86. అంటే సున్నతికి కనీసం 13 ఏండ్ల ముందే నీతి లెక్కలకెక్కింది. రోమా 4లో అపొస్తలుడు పౌలు వాదమంతా ఈ ముందు వెనకల మీదనే ఉన్నది. సున్నతి తర్వాత పడ్డ ముద్ర.

మరి మనిషి విశ్వాసంతోనే కాదు, క్రియల వల్ల నీతిమంతుడైతడనే యాకోబు 2:24 సంగతేందంటరు. యాకోబు చూపేది ఆదికాండము 22వ అధ్యాయం, ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన రోజు. పాపి దేవుని ముందట ఎట్ల నిలబడతడని పౌలు అడుగుతడు. నమ్మిన అన్నోని నమ్మకానికి పాణం ఉన్నదా అని యాకోబు అడుగుతడు. 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో క్యాథలిక్కులు, లూథరన్లు ఈ సంగతి మీదనే ఉమ్మడి ప్రకటనకు సంతకాలు చేసిన్రు: దేవుడు మనల్ని అంగీకరించేది కృప వల్లనే, పరిశుద్ధాత్మ మనల్ని సత్క్రియలకు పిలుస్తడు అని. 2006లో మెథడిస్టులూ కలిసిన్రు.

ఇగో, నోట్సు పక్కన పెడుతున్న. ద్వితీయోపదేశకాండము 24 తెరవండి. పేదోడు కుదువపెట్టిన బట్ట పొద్దుగుంకేసరికి తిరిగిచ్చుడు ‘నీకు నీతియగును’ అని 13వ వచనం. ఏనాటి కూలి ఆనాడే ఇయ్యాలని 15. పాలమూరు కూలోళ్లను ముంబయి, పుణె సైట్లకు తోలే గుంపు మేస్త్రీలు మన సంఘాలల్ల లేరా? ముందు వరుసల కూసుంటరు. అడ్వాన్సు కింద కూలి కోసుకుంటరు, సీజను అయినంక లెక్క చూపరు. అడిగితే, ‘నేను కృప వల్ల నీతిమంతుణ్ణి’ అంటరు! బాకీ ఎగ్గొట్టేటందుకు కృపను వాడుమని పౌలు ఎక్కడ చెప్పిండు? బిగపట్టిన కూలి మొఱ్ఱపెడుతున్నదని యాకోబు 5:4 చదవలేదా?

లూకా 19లో జక్కయ్యను చూడండి, పన్నులు వసూలు చేసే సుంకరి. యేసు మొదలు ఆ ఇంటికి పోయిండు, లెక్కలు తర్వాత తేలినయి. సంఖ్యాకాండము 5:7 ప్రకారం తప్పు ఒప్పుకున్నోడు అసలుకు ఐదో వంతు కలిపి ఇయ్యాలె. పదివేలకు పన్నెండు వేలు. అన్యాయంగా గుంజింది ఉంటే నాలుగంతలు తిరిగిస్తనన్నడు జక్కయ్య, అంటే నలభై వేలు. ఆస్తిలో సగం బీదలకన్నది వేరే.

అయ్యగార్లూ, ప్రభువు బల్లకు ముందటి వారం మేస్త్రీల పుస్తకాలు తెప్పించండి. పేరు, పనిచేసిన రోజులు, అడ్వాన్సు, బాకీ, నాలుగు గడులు చాలు. కూలోడు ఎదురుంగ ఉండాలె. చదువు రాకుంటే పెద్దలెవరన్నా చదివి వినిపించాలె. కాదనేటోళ్లుంటే ఇప్పుడే లేవండి, మాట్లాడుకుందాం.