సీట్లు విప్పకుండా పగులు చూడాలంటే

అందరికీ నమస్కారం. ముందుగా ఈ అల్యూమినియం ముక్కను మొదటి వరుసకు ఇస్తున్నాను. దీనికి మూడు రివెట్లున్నాయి, ఎక్కడో ఒక పగులుంది. వెతికి వెనక్కి పంపుతూ ఉండండి, నేను మాట్లాడుతుంటాను.

శంషాబాద్‌లో విమానం ఎక్కిన ప్రతిసారీ మనకు తెలియకుండా ఒకటి జరుగుతుంది. పైకి పోయేకొద్దీ బయట గాలి పలచబడుతుంది. మనం ఊపిరి పీల్చుకోవాలి కదా, అందుకని లోపల ఒత్తిడి నిలబెడతారు. దాంతో విమానం ఒళ్లు బుడగలా కాస్త ఉబ్బుతుంది, దిగేసరికి సర్దుకుంటుంది. దీన్నే సైకిల్ అంటాం. చెన్నై, బెంగళూరు మధ్య తిరిగే విమానానికి రోజుకు అరడజను సైకిళ్లు మామూలే. లోహానికి ఏళ్లకంటే ఈ సైకిళ్లే అసలు వయసు. చిన్నప్పుడు తీగను అటూ ఇటూ వంచి తెంపారా? అదే ఇది, మెల్లగా.

1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 విమానం ఒకటి 24,000 అడుగుల ఎత్తులో ఉండగా ముందుభాగం పైకప్పు దాదాపు 18 అడుగుల మేర ఊడిపోయింది. పంతొమ్మిదేళ్ల విమానం, 89,680 సైకిళ్లు. చిన్న దీవుల మధ్య తిరుగుడు, చుట్టూ ఉప్పుగాలి. రెండు రేకులు కలిసే చోట అతుకు వదిలి, రివెట్ల వరుసలో సన్నని పగుళ్లు పుట్టి, ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. ఒక ఎయిర్‌హోస్టెస్ కొట్టుకుపోయింది. మిగతా 94 మంది బతికారు. నన్ను ఇప్పటికీ వేధించే సంగతి వేరే ఉంది. ఎక్కేటప్పుడే ఒక ప్రయాణికురాలు తలుపు దగ్గర పగులు చూసింది, ఎవరికీ చెప్పలేదు. తప్పు పట్టను. మనమైనా "వాళ్లకు తెలియదా ఏంటి" అనుకుంటాం.

ఆ పగులు కంటికి కనిపించింది. కనపడనివే ఎక్కువ. గ్యాలీ, అంటే విమానంలో వంటగది కింద, టాయిలెట్ కింద తడి చేరి తుప్పు పట్టే చోట్లున్నాయి. అక్కడ పది నిమిషాల తనిఖీకి సీట్లు పీకాలి, కార్పెట్ లేపాలి, ఫ్లోర్ ప్యానెళ్లు విప్పాలి, తర్వాత అన్నీ మళ్లీ బిగించాలి. హ్యాంగర్‌లో రోజులు గడిచేది పగులు చూడటానికి కాదు, దాని దగ్గరికి చేరడానికి. పైగా విప్పి బిగించేటప్పుడు మనమే కొత్త గీత పెట్టే ప్రమాదం ఒకటి.

మా నాయనమ్మ కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చెవి పెట్టేది. కాంపోజిట్ భాగాల్లో, అంటే నారపొరలను జిగురుతో అతికించి చేసిన వాటిలో, పొరలు విడిపోయాయేమోనని మేమూ రూపాయి బిళ్లతో అలాగే తట్టి వింటాం. స్ట్రక్చరల్ హెల్త్ మానిటరింగ్ అంటే ఆ చెవిని కుండలోనే శాశ్వతంగా అతికించడం, అంటే విమానం ఒంట్లోనే సెన్సర్లు పెట్టేయడం.

నాకు బాగా నచ్చింది శూన్యంతో పనిచేసే పట్టీ. పలుచని పట్టీలో వెంట్రుకల్లాంటి సన్నని కాలువలు, ఒకదాంట్లో శూన్యం, పక్కదాంట్లో గాలి. పగులు కిందుగా వచ్చి రెంటినీ కలిపిందంటే శూన్యం నిలవదు. అంతే! పైపు కొసను చేయి అందే చోటికి తెచ్చి పెడితే, నేలమీద నిలబడి మీటర్ తగిలించి చూసుకోవచ్చు. డెల్టా ఎయిర్‌లైన్స్, బోయింగ్, అమెరికాలోని శాండియా ప్రయోగశాల కలిసి 737ల రెక్కలు ఒంటితో కలిసే చోటుండే మధ్యపెట్టెలో వీటిని అతికించి పరీక్షించాయి. లోహంలోకి సన్నని కంపనాలు పంపి తిరిగి వినే పీజో బిళ్లలు, వెలుతురు సాగే గాజుతీగలైన ఆప్టికల్ ఫైబర్లూ ఉన్నాయి. వాటికి ఎండకూ చలికీ సిగ్నల్ మారిపోతుంది, ఆ తేడా తీసేయడమే పెద్ద తలనొప్పి.

ఇక అసలు పేచీ. మీటర్ "ఏమీ లేదు" అంటే, పగులు లేదనా, పట్టీ ఊడిందనా? విమానం ఎగరడానికి పనికొస్తుందని సంతకం పెట్టేది లైసెన్సున్న ఇంజనీర్. సెన్సర్ పెట్టదు. అందుకే విమానాలకు అనుమతులిచ్చే అధికారులు పరీక్షల్లో ఫలానా పొడవు పగులును నూటికి తొంభైసార్లు పట్టుకుంటుందని 95 శాతం నమ్మకంతో చూపించమంటారు. ఏఐ అని స్లైడ్ మీద రాస్తే ఒప్పుకోరు. నేనైనా ఒప్పుకోను.

ముక్క చివరి వరుసకు చేరినట్టుంది. ఎవరికైనా దొరికిందా? లేదా? మధ్య రివెట్ తల కింద ఉంది బాబూ. దాన్ని తొలిచి తీస్తేగానీ కనపడదు. బయట బల్లమీద ఎడ్డీ కరెంట్ మీటర్, అంటే లోహంలో కరెంటు సుడులు పుట్టించి లోపలి పగులు పట్టే పరికరం పెట్టాం, రండి, పెట్టి చూద్దాం.