మా తాత ఇలా ఉండడు మాస్టారూ

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి నుంచి బరంపురం వచ్చి ఇంతమంది తెలుగు పంతుళ్ళ ముందు మాట్లాడాలంటే నాకు టెన్షన్‌గానే ఉంది. నేను డ్రాయింగు మాస్టారిని. నా పని సుద్దముక్కతో, కుంచెతో. మైకుతో అలవాటు లేదు. బడి నాటకానికి వేషాలు, సెట్టు ఎలా చేసుకోవాలో చెప్పమన్నారు. నేను ఎక్కడెక్కడ తప్పు చేశానో చెప్తే మీకు ఎక్కువ పనికొస్తుందనుకుంటున్నాను.

కిందటేడు ఆగస్టు 29కి మా బళ్ళో గిడుగు రామమూర్తి గారి మీద నాటకం వేద్దామనుకున్నాం. తెలుగు భాషా దినోత్సవం జరిపేది ఆయన పుట్టినరోజునే కదా. పైగా ఆయన 1880లో పంతులుగా వచ్చింది మా ఊరికే. అప్పటికి ఆయనకి పదిహేడేళ్ళు కూడా సరిగ్గా నిండలేదు. మా చుట్టుపక్కల కొండల్లో ఉండే ఆదివాసీలు సవరలు. వాళ్ళ సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకి సొంత డబ్బుతో బడి పెట్టారు. మా తెలుగు టీచరుగారు దీన్ని అయిదు రంగాల నాటకంగా రాశారు. సెట్టూ డ్రెస్సులూ నా నెత్తిన పెట్టి నాలుగు వేల రూపాయలు చేతికిచ్చారు.

డబ్బు చేతిలో పడగానే నేను చేసిన మొదటి పని డ్రామా డ్రెస్సులు అద్దెకిచ్చే కొట్టుకి వెళ్ళడం. రాజు సెట్టు, దేవుడి సెట్టు, రైతు సెట్టు, అన్నీ మూటలు కట్టి ఉంటాయి. "ఆదివాసీ సెట్టు" కూడా ఒకటి ఉంది. ప్లాస్టిక్ ఆకుల లంగా, కోడి ఈకల కిరీటం, అట్టముక్క బల్లెం, మొహానికి పూసుకోవడానికి ఒక నల్ల రంగు డబ్బా. నేనూ బేరమాడి నాలుగు జతలు తెచ్చేశాను. బడి నాటకాల్లో అలాంటివి చూస్తూనే పెరిగాను కదా, నాకు అందులో తప్పేమీ కనబడలేదు.

రిహార్సల్‌లో పిల్లలు అవి తొడుక్కుని గెంతుతున్నారు. ఎనిమిదో తరగతి సవర అమ్మాయి ఒకతి మా కోరస్‌లో ఉంది. ఆ ఈకల కిరీటం వంక చాలాసేపు చూసి, చాలా మామూలుగా అంది: "మా తాత ఇలా ఉండడు మాస్టారూ."

కోపం లేదు, ఏడుపు లేదు. లెక్కలో తప్పు చూపించినట్టు చూపించింది. సవరల మాట సవరల నోటి నుంచే వినాలని జీవితమంతా తిరిగిన మనిషి మీద నాటకం వేస్తూ, నేను సవర వేషం కొట్లోంచి తెచ్చాను. మర్నాడే మూట కట్టి తిరిగిచ్చేశాను. అద్దె వెనక్కి రాలేదనుకోండి.

ఆ ఆదివారం ఆ అమ్మాయి నాన్నతో కలిసి గుమ్మ వైపు బస్సెక్కాను. వాళ్ళ ఇంట్లో అందరూ మనలాగే ఉన్నారు. ఆయన ప్యాంటు షర్టులో, వాళ్ళమ్మ చీరలో. తాత మాత్రం పెట్టె తీసి పాత గుడ్డ చూపించాడు. పొడుగాటి గోచీ గుడ్డ, దాని కొస వెనకాల జీరాడుతుంది. ఆ వేలాడే తోకని బట్టే లాంజియా సవరలు అని పేరొచ్చింది. నాయనమ్మ దగ్గర మోకాళ్ళ దాకా వచ్చే ముతక నేత గుడ్డ ఉంది. ఈక ఒక్కటి కూడా లేదు. నేను కొలతలు రాసుకున్నాను. నోటు బుక్కులో బొమ్మ గీసుకుని ముడి ఎక్కడ పడుతుందో బాణం గుర్తు పెట్టుకున్నాను. ఫోటో కంటే బొమ్మే మేలు. ఫోటోలో ముడి కనబడుతుందే కాని, అది ఎలా పడిందో కనబడదు.

పిల్లల్ని గోచీతో స్టేజీ ఎక్కించొద్దని హెడ్మాస్టారు అన్నారు. న్యాయమే. ఒంటిరంగు బనియన్ వెయ్యమని ఒకరు సలహా ఇచ్చారు. దయచేసి మీరెవరూ ఆ పని చెయ్యకండి. లైటు పడితే అది పురుగు కుబుసంలా కనిపిస్తుంది. మేము ముతక గుడ్డతో పొట్టి పంచె కట్టి, భుజం మీంచి ఇంకో గుడ్డ వేశాం. వెనక కొస మాత్రం వదిలాం. నల్ల రంగు డబ్బా మూత తియ్యనే లేదు. ఎవరి ఒంటిరంగు వాళ్ళదే.

ఇక గిడుగు గారి సంగతి. నాటకంలో ఆయన పదహారేళ్ళ కుర్రాడి నుంచి 72 ఏళ్ళ పెద్దాయన దాకా వస్తారు. ముగ్గురు పిల్లలు వేశారు. చూసేవాళ్ళకి ముగ్గురూ ఒక్కరే అని ఎలా తెలియాలి? గడ్డాలు మీసాలు అతికించి ఆ గోల పడలేను. బంక వేసిన దూది మీసం రెండో డైలాగుకే జారి నోట్లో పడుతుంది, నా చిన్నప్పుడు నాకే పడింది. అందుకని ఎర్రంచు ఉత్తరీయం ఒకటి పెట్టుకున్నాం. మొదటి కుర్రాడు అది తీసి రెండోవాడి భుజం మీద వేసి వెళ్ళిపోతాడు. రెండోవాడు మూడోవాడికి. జనం ఒక్కసారికే పట్టేశారు. అడవుల్లో తిరిగి మలేరియా పట్టి, క్వినైన్ ఎక్కువ వాడి ఆయనకి చెవుడు వచ్చింది. మూడో కుర్రాడు ఆ ఉత్తరీయం సర్దుకుంటూ చెవి దగ్గర చెయ్యి పెట్టుకునేవాడు, అంతే. దానికి వేరే మేకప్ అక్కర్లేకపోయింది.

కొట్లో దొరికే టెరికాటన్ పంచెలు కొనకండి. మెరుస్తాయి, 1880 పోయి నిన్నటి పెళ్ళిలా ఉంటుంది. ముతక నూలు పంచె కొని, బకెట్టు వేడినీళ్ళలో రెండు పిడికిళ్ళ టీపొడి మరగనిచ్చి, వడగట్టి, కాస్త ఉప్పు వేసి అరగంట నాననివ్వండి. తెలుపు విరిగి పాత గుడ్డ రంగు వస్తుంది. హాలోజెన్ లైట్ల కింద తెల్లటి తెలుపు కళ్ళలో పొడుస్తుంది. మొహం కనబడకుండా గుడ్డే కనబడుతుంది. కోటుకి మా ఒడియా మాస్టారొకరు వాళ్ళ నాన్నగారి పాత కోటు ఇచ్చారు. భుజాలు కుట్టి లోపలికి తీసుకున్నాం. గుడ్డ కత్తిరించలేదు, అది మళ్ళీ ఆయనకి ఇచ్చెయ్యాలి కదా.

సెట్టు దగ్గరికొద్దాం. మన తరం వాళ్ళందరికీ సెట్టు అంటే సురభి వాళ్ళ తెరలే గుర్తొస్తాయి. 1885లో మొదలైన ఆ కుటుంబాల తెరల మీద కోటలు, అడవులు చూసి నోరు తెరిచినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. బళ్ళో కూడా అలాంటి తెర గియ్యాలని నా చిరకాల కోరిక. కాని రంగుల తెరకి దూరం కావాలి. మా హాలులో ముందు వరస స్టేజీకి ఆరడుగుల్లో ఉంటుంది. ఆ దగ్గరలో గీసిన చెట్టు గీసిన చెట్టులాగే కనిపిస్తుంది. కోరిక చంపుకున్నాను.

మన గంజాం ప్రహ్లాద నాటకం చూసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉంటారు. అందులో కోట బొమ్మ ఉండదు. ఉండేదల్లా మెట్లు మెట్లుగా కట్టిన వేదిక. హిరణ్యకశిపుడు ఆ మెట్లు ఎక్కి దిగుతుంటేనే అదంతా రాజ్యం అనిపిస్తుంది. మేము దాన్నే తీసుకున్నాం. క్లాసు బెంచీలు పేర్చి మూడు మెట్లు చేశాం. కిందది గిడుగు గారి ఇల్లు, మధ్యది బడి, పైది కొండ. రంగం మారడానికి తెర దించక్కర్లేదు, మనిషి ఒక మెట్టు ఎక్కితే చాలు. మొదటి రోజు బెంచీలు ఊరికే పేర్చాను. పైమెట్టు మీద పిల్లాడు ఊగాడు, నా గుండె జారింది. తర్వాత కాళ్ళన్నీ కొబ్బరి తాడుతో కలిపి కట్టి, ముందు నేనెక్కి గెంతి చూశాకే పిల్లల్ని ఎక్కనిచ్చాను. నా బరువు 84 కిలోలు.

వెనకాల రెండు వెదురు తడికెలు. వాటి మీద పాత చీరలు మైదా జిగురుతో అంటించి, ఎండాక ఎర్రమన్ను అలికాం. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం వేసేవాళ్ళు మా రోజుల్లో. అది విషం, పిల్లలు చేతులు పెట్టే చోట వద్దు. వారం రోజుల సెట్టుని పురుగు ఏం తింటుంది? రంగుల డబ్బాల కంటే ఎర్రమన్నే నయం అని లైటు వేశాక తెలిసింది. పసుప్పచ్చ జెలటిన్ కాగితం పెడితే పగటి గోడలా వెలిగింది. నీలం పెడితే ఎరుపు చచ్చిపోయి గోడ నల్లబడింది, అడక్కుండానే రాత్రయింది. లైటు వెయ్యకుండా రంగులు ఖాయం చేసుకోకండి. థర్మకోల్ మాత్రం హాలోజెన్ దగ్గరికి రానివ్వకండి, ఊరికే అంటుకుంటుంది.

ఆ ఎర్ర గోడ మీద బియ్యప్పిండితో సవర బొమ్మలు వేద్దామని నాకు మహా సరదాగా ఉండేది. డ్రాయింగు మాస్టారిని కదా, చెయ్యి ఊరుకోదు. నాయనమ్మని అడిగాం. ఆ బొమ్మ ఊరికే వేసేది కాదంది. దాన్ని పెద్దల కోసం, దేవతల కోసం తంతు చేసి వేస్తారట. అది వాళ్ళు వచ్చి కూర్చునే చోటట. నాటకం అయ్యాక తడికె గోడౌనులో పడేస్తాం కదా, అప్పుడు వాళ్ళు ఎక్కడికి పోవాలి అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. గోడ ఖాళీగానే ఉంచేశాను. అడుగున జానెడు తెల్ల పట్టీ ఒకటి లాగి ఊరుకున్నాను. నేను ఇంతవరకు చేసిన సెట్లలో అదే బాగుందని మా ఆవిడ అంది. ఏమీ వెయ్యనిది బాగుందంటే డ్రాయింగు మాస్టారికి ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

చివరి రంగం 1936. ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్ళింది. గిడుగు గారు ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. అర్ధశతాబ్దం ఉన్న ఊరు. మా ఊళ్ళో ఇది జాగ్రత్తగా వెయ్యాల్సిన రంగం. సగం మంది ప్రేక్షకులు ఒడియా వాళ్ళు, కోటు ఇచ్చిన మాస్టారు మొదటి వరసలో కూర్చున్నారు. జెండాలు, నినాదాలు పెడితే అది ఇంకో నాటకం అయిపోతుంది. స్టేజీ మీద ఒక ట్రంకుపెట్టె పెట్టాం. ఆ పెద్దాయన తను రాసిన సవర వ్యాకరణం అందులో పెట్టి మూత వేస్తాడు. ఆ పుస్తకం అచ్చయింది 1931లో. ఉత్తరీయం తీసి పెట్టె మీద పెట్టి, మూడు మెట్లూ ఎక్కి వెళ్ళిపోతాడు. కోటు మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం నేను పక్కనుంచి చూశాను.

అమ్మాయి తాత కూడా వచ్చాడు. నాటకం అయ్యాక స్టేజీ వెనక్కి వచ్చి, ఒక పిల్లాణ్ణి దగ్గరకి పిలిచి, వెనక్కి తిప్పి, ఆ గుడ్డ కొస పట్టుకుని నవ్వాడు. మనవరాలితో ఏదో అన్నాడు. "తోక పొట్టిదైపోయిందంట మాస్టారూ, ముడి కూడా ఎడంపక్కకి పడిందంట" అంది. నా నోటు బుక్కులో బాణం గుర్తు కుడివైపే ఉంది. కట్టేటప్పుడు అద్దంలో చూసి కట్టినట్టున్నాను.

ఈ ఆగస్టుకి గుడ్డ రెండు మూరలు ఎక్కువే కొన్నాం. కట్టడానికి తాతనే రమ్మన్నాం. బస్సు చార్జీలు, భోజనం బడి ఖర్చు.