దత్తత అయినంక ఇంట్లో చోటు

సంఘ పెద్దలకు, స్త్రీల సమాజపు అక్కలకు, యవ్వనస్తులకు వందనాలు.

"మేము దేవుని పిల్లలం" అని ప్రార్థనలో అలవాటుగా అనేస్తాం. యోహాను దీన్ని పుట్టుకగా చెప్పాడు, పౌలు దత్తతగా చెప్పాడు. దత్తత అనే ఆ గ్రీకు మాట పౌలు పత్రికల్లో 5 చోట్ల ఉంది: రోమా 8:15, 8:23, 9:4, గలతీ 4:5, ఎఫెసీ 1:5. రోమా చట్టంలో దత్తత పోయినవాడు పాత తండ్రి చేతి కింది నుంచి పూర్తిగా బయటపడి కొత్త తండ్రికి వారసుడయ్యేవాడు. ఎదిగిన మగవాళ్లను కూడా అట్లా తీసుకునేవాళ్లు. మన దగ్గర కూడా దత్తత పోయినోడికి ఇంటిపేరు మారుతది, పొలంలో వాటా వస్తది. పని బాగా చేసిండని ఇచ్చిన కూలి కాదది.

మరి మన సంఘంలో ఏమవుతోంది? బాప్తిస్మం రోజు అందరం చప్పట్లు కొడతాం. నాలుగో ఆదివారానికి ఆ మనిషి చెప్పులు విడిచే గుమ్మం దగ్గర, చివరి వరుసలో కూర్చుంటాడు. పలకరించేవాళ్లు "ఏ ఊరు, ఎవరి తాలూకు?" అంటారు. అడిగేది ఊరు, తెలుసుకోవాలనుకునేది కులం. విన్నవాళ్లకు అది తెలుస్తూనే ఉంటుంది. గలతీ 3:26లో మీరందరూ దేవుని కుమారులని చెప్పిన పౌలు, రెండు వచనాలు దాటకుండానే యూదుడు, గ్రీసు దేశస్థుడు అన్న గీత చెరిపేశాడు. మొదటి మాట మనకు కంఠతా వస్తుంది, రెండోది రాదు.

ములుగు, భూపాలపల్లి వైపు నుంచి హన్మకొండకు చదువుకు వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లల సంగతి వేరు. వాళ్ల పేరు ఊరి సంఘం రిజిస్టర్లోనే ఉంటుంది, ఇక్కడ ఏళ్ల తరబడి చుట్టాల లెక్కనే వచ్చిపోతారు. వచ్చిన నెలలోనే ఊరి పాస్టరు గారితో ఫోన్లో మాట్లాడి సభ్యత్వం మార్చే ఉత్తరం తెప్పించండి, ఇక్కడి రిజిస్టర్లో పేరు ఎక్కించండి. పరీక్షలప్పుడు రాకపోతే విశ్వాసం తగ్గిందని తీర్పు చెప్పకండి.

కొత్తగా వచ్చిన కుటుంబాన్ని ఒక్క మనిషికి అప్పగిస్తే, ఆయన బదిలీ మీద పోయినరోజే తెగిపోతుంది. రెండు కుటుంబాలకు అప్పగించండి. మొదటి వారంలో వాళ్లింటికి వెళ్లి ప్రార్థన చేసి లేచిరాకండి, వాళ్లు పెట్టింది తినండి. గృహ ప్రార్థనలో 8, 10 మంది దాటితే కొత్తవాళ్లు నోరు తెరవరు, గుంపును విడగొట్టండి. నెల లోపు పని ఇవ్వండి: చాపలు, మైకు, సండే స్కూలు. కానుకల లెక్క మాత్రం అప్పుడే వద్దు, ఏ చిన్న తేడా వచ్చినా నింద కొత్తవాళ్ల మీదే పడుతుంది. సాక్ష్యం చెప్పమని ప్రతి కూటంలో నిలబెట్టడం ఇంకా చెడ్డది. పాత బతుకునే పదిమందిలో చెప్పి చెప్పి, వాళ్లు ఆ పేరుతోనే మిగిలిపోతారు.

1912లో డోర్నకల్‌కు బిషప్ అయిన అజరయ్య గారు బాప్తిస్మం పొందినవాళ్ల చేత తమ తలమీదే చేయి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికించేవారు. అంటే మొదటిరోజే ఇంటి బాధ్యత చేతికిచ్చారు.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక రిజిస్టరు తీయండి. నిరుడు బాప్తిస్మం పొందిన ఒక్కొక్కరి పేరు పక్కన, వాళ్లింట్లో మనలో ఎవరు అన్నం తిన్నారో రాయండి. ఖాళీగా మిగిలిన ఇళ్లకు వచ్చే శనివారం లోపు ఇద్దరిద్దరు వెళ్లండి.